ఏబీఎస్ దీపం వెలిగితే ఏం చేయాలి?
(మోటారు మెకానిక్ పని నేర్చుకునే తమ్ముళ్లకు ఒక పాఠం)



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వారు ఫోన్ చేసినప్పుడు మొదట వద్దన్నాను. కథలు, కవితలు నాకు రావు. నాకు వచ్చింది మోటారు పని ఒక్కటే. "అదే రాయండి అన్నా, మన పిల్లలు ఏటా కొందరు ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడులో చేరుతున్నారు, వాళ్లకు పనికొస్తుంది" అన్నారు. అందుకే ఈ వ్యాసం. ఇందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా దాచకుండా రాశాను. అది చదివాక మీరు ఆ తప్పు చేయకపోతే నా శ్రమ ఫలించినట్లే.

అసలు ఏబీఎస్ అంటే ఏమిటి?

ఏబీఎస్ అంటే యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టమ్. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏర్పాటు. ఇది మొదట విమానాల్లో వచ్చింది. 1950లలో డన్‌లప్ కంపెనీ విమానాల చక్రాలకు మాక్సారెట్ అనే పరికరం తయారుచేసింది. కార్లలో నేటి తరహా ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను 1978లో జర్మనీలో బాష్ కంపెనీ తయారుచేయగా మెర్సిడెస్ బెంజ్ ఎస్-క్లాస్ కారులో అమర్చారు. మన దేశంలో చాలాకాలం ఖరీదైన కార్లకే ఉండేది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి చేశారు. అంటే ఇప్పుడు మీరు ఏ షెడ్డులో చేరినా మీ చేతికి వచ్చే కార్లలో ఎక్కువ భాగం ఏబీఎస్ ఉన్నవే.

ఇది అర్థం కావడానికి మన హైస్కూలు భౌతికశాస్త్రంలోని మూడు పాఠాలు చాలు.

మొదటిది ఘర్షణ. చక్రం దొర్లుతున్నంతసేపు టైరులో రోడ్డును తాకే భాగం ఆ క్షణానికి రోడ్డు మీద దాదాపు నిలిచే ఉంటుంది. అక్కడ పనిచేసేది స్థైతిక ఘర్షణ. చక్రం బిగుసుకుపోతే టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. అప్పుడు ఉండేది జారుడు ఘర్షణ. జారుడు ఘర్షణ తక్కువని మనం చదువుకున్నాం. అందుకే తడి రోడ్డు మీద చక్రం బిగుసుకుంటే బండి ఆగదు, జారుతుంది. అంతకంటే ప్రమాదం ఏమిటంటే, ముందు చక్రాలు బిగుసుకుంటే స్టీరింగు ఎటు తిప్పినా బండి తిరగదు. తిన్నగా పోయి దేన్నో గుద్దుకుంటుంది.

రెండవది పాస్కల్ నియమం. పెడలు తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో పుట్టిన పీడనం పైపుల్లోని బ్రేక్ ఆయిల్ ద్వారా నాలుగు చక్రాలకూ చేరుతుంది. ఏబీఎస్ యూనిట్ ఈ పైపుల మధ్యలో కూర్చుని ఉంటుంది. అందులో ఒక్కో దారికి రెండు వాల్వులు, వాటితోపాటు ఒక పంపు ఉంటాయి. ఒక చక్రం బిగుసుకోబోతోందని తెలియగానే మొదటి వాల్వు ఆ చక్రానికి వెళ్లే దారి మూస్తుంది. అది చాలకపోతే రెండవ వాల్వు తెరుచుకుని పీడనం కొంచెం వదులుతుంది. చక్రం మళ్లీ దొర్లడం మొదలుపెట్టగానే పీడనం మళ్లీ ఇస్తుంది. ఇదంతా సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది. అప్పుడు పెడలు కాలి కింద టకటకా కొట్టుకుంటుంది. అది లోపం కాదు, ఏబీఎస్ పని చేస్తోందనడానికి గుర్తు.

మూడవది విద్యుదయస్కాంత ప్రేరణ. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటర్‌కు చెప్పేది సెన్సారు. పాత రకం సెన్సారులో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. దాని ముందు పళ్లచక్రం తిరిగితే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఫారడే సూత్రం అదే. కొత్త రకం సెన్సారులో చిన్న ఎలక్ట్రానిక్ చిప్పు ఉంటుంది. దాని ముందు తిరిగేది చాలా బండ్లలో బేరింగ్ సీలులోనే ఉండే అయస్కాంతపు పట్టీ.

ఒక్క విషయం బాగా గుర్తుంచుకోండి. బ్రేకు వేసేది ఏబీఎస్ కాదు. బ్రేకు వేసేది ఎప్పటిలాగే ప్యాడ్లు, డిస్కులు, ఆయిలు. అవి బాగాలేని బండికి ఏబీఎస్ ఎంత బాగున్నా ప్రయోజనం లేదు.

దీపాలు ఏం చెబుతున్నాయి?

తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఏబీఎస్ దీపం వెలిగి కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా తప్పే, వెలిగి ఆరకపోయినా తప్పే.

పసుపు దీపం ఒక్కటే వెలుగుతూ ఉంటే కంప్యూటర్ తన లోపం తాను కనిపెట్టి ఏబీఎస్‌ను ఆపేసిందని అర్థం. మామూలు బ్రేకు పనిచేస్తుంది, కానీ గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకోవచ్చు. బండిని నెమ్మదిగా షెడ్డుకు నడిపించుకు రావచ్చు.

ఎర్ర బ్రేకు దీపం వెలిగితే ముందు హ్యాండ్ బ్రేకు, తరువాత ఆయిలు డబ్బాలో మట్టం చూడాలి. మట్టం తగ్గితే ఊరికే నింపి పంపకూడదు. ప్యాడ్లు అరిగాయా, ఎక్కడైనా కారుతోందా చూడాలి.

ఎరుపు, పసుపు రెండూ కలిసి వెలిగితే విషయం తీవ్రమైనది. ముందు, వెనుక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఈబీడీ కూడా ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుని బండి గిర్రున తిరిగే ప్రమాదం ఉంది. అలాంటి బండిని నడపకుండా మోయించి తెప్పించుకోవడమే మంచిది.

పని మొదలుపెట్టే ముందు

1. బండిని చదునైన చోట నిలిపి చక్రాలకు అడ్డం పెట్టండి. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి ఎప్పుడూ దూరకండి. స్టాండ్లు పెట్టాకే పని.

2. తాళం ఆన్‌లో ఉండగా ఏబీఎస్ కప్లర్ గానీ, సెన్సారు కప్లర్ గానీ పీకకండి. తాళం తీసి, కంప్యూటర్ కప్లర్ తీయవలసి వస్తే బ్యాటరీ మైనస్ వైరు కూడా విప్పండి. బండికి వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీతోపాటు కంప్యూటర్ కప్లర్ కూడా తీసి ఉంచాలి.

3. కొన్ని పాత బండ్లలో ఎక్కువ పీడనం నిల్వ ఉంచే అక్యుములేటర్ ఉంటుంది. అలాంటి వాటిలో పైపు విప్పితే ఆయిలు తూటాలా చిమ్ముతుంది. తాళం తీసి, పెడలు గట్టిపడేవరకు పాతిక నుంచి నలభై సార్లు తొక్కి పీడనం పోయాకే నట్టు మీద పానా పెట్టాలి. ఏ బండికి ఏ పద్ధతో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. చూడకుండా చేయి పెట్టవద్దు.

4. బ్రేకు దుమ్మును గాలి గొట్టంతో ఊదకండి. పాత ప్యాడ్లలో, లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అది ఊపిరితిత్తులకు విషం. బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

5. బ్రేక్ ఆయిల్ కంటికి, చర్మానికి మంచిది కాదు. రంగు మీద పడితే రంగు లేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి. తీసిన పాత ఆయిలును కూల్ డ్రింకు సీసాలో పోసి పెట్టకండి. షెడ్డులో పనిచేసే చిన్న కుర్రాడు దాహమై తాగేసే ప్రమాదం ఉంది.

లోపం కనుక్కోవడం

స్కానర్ పెడితే కోడ్ వస్తుంది. "ఎడమ ముందు చక్రం సెన్సారు" అని వచ్చిందనుకోండి. వెంటనే కొత్త సెన్సారు కొనిపించకండి. కోడ్ చెప్పేది ఆ దారిలో ఎక్కడో లోపం ఉందని మాత్రమే. సెన్సారే పోయిందని కాదు. ముందు కంటితో చూడాలి. స్టీరింగు తిరిగేటప్పుడు వంగే చోట వైరు లోపల తెగి ఉండవచ్చు. ఎలుక కొరికి ఉండవచ్చు. కప్లర్‌లో నీళ్లు చేరి పిన్నులకు చిలుము పట్టి ఉండవచ్చు. సెన్సారు మొనకు ఇనుప రజను, బురద అంటుకుని ఉండవచ్చు. నాలుగు టైర్లూ ఒకే సైజువేనా, గాలి సరిగా ఉందా అని కూడా చూడాలి. ఒక టైరు చిన్నదైతే ఆ చక్రం ఎక్కువ వేగంగా తిరుగుతుంది, కంప్యూటర్ దాన్ని లోపంగా భావించవచ్చు.

ఆ తరువాతే మీటరు. పాత తీగచుట్ట సెన్సారు అయితే తాళం తీసి, కప్లర్ విప్పి, ఓముల్లో కొలవండి. చాలావాటికి సుమారు వెయ్యి నుంచి రెండువేల ఓముల మధ్య వస్తుంది. అసలు లెక్క మాత్రం ఆ బండి పుస్తకంలో ఉన్నదే. తరువాత మీటరును ఏసీ వోల్టులకు మార్చి చక్రాన్ని చేత్తో తిప్పండి. మీటరు కదలాలి, వేగంగా తిప్పితే పెరగాలి.

కొత్త రకం చిప్పు సెన్సారును ఓముల్లో కొలవకూడదు. మీటరులోని బ్యాటరీ కరెంటుకు అది చెడిపోవచ్చు. దానికి కంప్యూటర్ నుంచి వోల్టేజీ వస్తోందో లేదో చూడాలి. చాలావాటిలో చక్రం తిరుగుతుంటే అందులో పారే కరెంటు సుమారు 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య మారుతూ ఉంటుంది. స్కానర్ ఉంటే ఇంకా సులువు. బండిని నెమ్మదిగా నడుపుతూ నాలుగు చక్రాల వేగాలు తెర మీద చూడండి. మూడు చక్రాలు 20 చూపిస్తూ ఒకటి సున్నా చూపిస్తే దొంగ దొరికినట్లే.

కొన్నిసార్లు దీపం వెలగదు గానీ, బండి మెల్లగా ఆగబోయే ముందు అనవసరంగా పెడలు కొట్టుకుంటుంది. అప్పుడు పళ్లచక్రం పగిలిందా, తుప్పు పట్టి ఉబ్బిందా చూడండి.

నేను చేసిన తప్పు

2009లో నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పనిచేస్తున్నాను. ఐటీఐ పాసై పదేళ్లు దాటింది, పని వచ్చుననే ధీమా ఉంది. ఒక స్కూలు మాస్టారి కారు ముందు చక్రం బేరింగ్ మోతతో వచ్చింది. కొత్త బేరింగ్ ప్రెస్సులో పెట్టి ఎక్కించాను. మోత పోయింది. మర్నాడే ఆయన తిరిగి వచ్చి పసుపు దీపం వెలుగుతోందన్నారు.

ఆ బేరింగ్‌కు ఒక వైపు సీలులో అయస్కాంతపు పట్టీ ఉంటుంది, ఆ వైపు సెన్సారుకు ఎదురుగా ఉండాలి. నేను తిప్పి ఎక్కించాను. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. రెండు వైపులా చూడడానికి ఒకేలా ఉన్నాయి. సెన్సారు తుడిచాను, వైరు చూశాను, దీపం ఆరలేదు. మా షెడ్డులో స్కానర్ లేదు. తెలియదని మేస్త్రీకి చెప్పడానికి నామోషీ అనిపించింది. బ్రేకు బాగానే పడుతోంది కదా అనుకున్నాను. మీటరు బోర్డు విప్పి, ఏబీఎస్ దీపం మీద నల్ల టేపు ముక్క అంటించాను. "అయిపోయింది మాస్టారూ" అన్నాను. ఆయన డబ్బులిచ్చి, పైన టీకి కూడా ఇచ్చి వెళ్లారు.

రెండు వారాల తరువాత వానలో ఆయన తల్లిగారిని తీసుకుని ఊరు వెళుతుంటే రోడ్డుకు అడ్డంగా గేదె వచ్చింది. గట్టిగా బ్రేకు తొక్కారు. చక్రాలు బిగుసుకున్నాయి. పక్కకు తిప్పితే బండి తిరగలేదు. గేదెను గుద్ది, రోడ్డు దిగి చెట్టుకు కొట్టుకుంది. మాస్టారికి దెబ్బలు తగిలాయి. ఆ పెద్దామె చేయి విరిగింది. ఆ వయసులో ఎముక సరిగా అతకలేదు, తరువాత ఆమె ఆ చేత్తో అన్నం కలుపుకోలేకపోయారని విన్నాను.

బండి మా షెడ్డుకే వచ్చింది. మేస్త్రీ మీటరు బోర్డు విప్పి టేపు చూశారు. "ఏరా, ఇది ఎవరు పెట్టారు?" అన్నారు. నేనేనని చెప్పాను. మాస్టారు అక్కడే ఉన్నారు. ఆయన తిట్టలేదు. "ఆ దీపం వెలుగుతూ ఉంటే నేను వానలో నెమ్మదిగా పోయేవాణ్ని కదయ్యా" అని ఒక్కమాట అన్నారు.

బేరింగ్ తిప్పి పెట్టడం తెలియక చేసిన తప్పు. టేపు అంటించడం తెలిసి చేసిన తప్పు. దీపం నడిపే మనిషికి బండి చెప్పే కబురు. ఆ కబురు ఆయనకు చేరకుండా నేను అడ్డుపడ్డాను. ఏబీఎస్ ఉన్నా గేదెను తప్పించగలిగేవారో లేదో నేను చెప్పలేను. కానీ స్టీరింగు తిప్పే అవకాశం ఆయనకు ఉండేది. లేదని తెలిసి ఉంటే వేగం తగ్గించే అవకాశమైనా ఉండేది.

బేరింగ్ ఎక్కించే ముందు ఇప్పుడు నేను ఒక చిన్న గుండుసూదిని రెండు వైపులా సీలుకు మెల్లగా తాకించి చూస్తాను. పట్టీ ఉన్న వైపు అది అంటుకుంటుంది. దీనికోసం అమ్మే అయస్కాంత కార్డు ఉంటే ఇంకా మంచిది. ఆ వైపును అయస్కాంతం మీద గానీ, ఇనుప రజను ఉన్న బల్ల మీద గానీ పెట్టకూడదు. సుత్తితో కొట్టకూడదు.

బ్రేక్ ఆయిల్, ఎయిర్ తీయడం

డాట్ 3, డాట్ 4 ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ చేరిన తరువాత అది 140కి పడిపోతుంది. డాట్ 4కు అవి 230, 155. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆయిలు మరిగితే పైపులో ఆవిరి బుడగలు వస్తాయి, పెడలు నేలకు తగులుతుంది. తేమ ఏబీఎస్ యూనిట్ లోపల తుప్పు కూడా పట్టిస్తుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకు ఒకసారి మార్చమంటాయి. మూత తీసి ఉన్న పాత డబ్బాలోని ఆయిలు వాడకండి. సిలికాన్‌తో చేసే డాట్ 5 ఏబీఎస్ బండ్లకు పోయకండి. డాట్ 5.1 వేరు, అది డాట్ 4 జాతిదే. ఇంజన్ ఆయిల్ పోసిన గరాటుతో బ్రేక్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బిపోయి మొత్తం వ్యవస్థ పాడవుతుంది.

ప్యాడ్లు మార్చేటప్పుడు కాలిపర్ పిస్టన్‌ను వెనక్కి నొక్కితే అందులోని మురికి ఆయిలు ఏబీఎస్ యూనిట్‌లోకి పోతుంది. ఆ సన్నని వాల్వుల్లో చిన్న నలక ఇరుక్కున్నా యూనిట్ మార్చవలసి రావచ్చు. అందుకే నిపుల్‌కు గొట్టం తగిలించి, నిపుల్ తెరిచి, పాత ఆయిలు సీసాలోకి పోయేలా పిస్టన్ నొక్కి, వెంటనే బిగించండి. గాలి చేరిందనే అనుమానం ఉంటే ఎయిర్ తీయండి.

ఎయిర్ తీసేటప్పుడు డబ్బాలో ఆయిలు ఎప్పుడూ అడుగంటకూడదు. నిపుల్ బిగించే వరకు తొక్కినవాడు పెడలు వదలకూడదు. పాత బండిలో పెడలును పూర్తిగా నేలకు తొక్కితే మాస్టర్ సిలిండర్ సీళ్లు చిరిగే అవకాశం ఉంది. పెడలు కింద చిన్న చెక్క ముక్క పెట్టండి. ఏ చక్రం ముందు, ఏది తరువాత అనేది బండిని బట్టి మారుతుంది, పుస్తకం చూడండి. ఏబీఎస్ యూనిట్‌లోకే గాలి చేరితే చాలా బండ్లలో స్కానర్‌తో లోపలి వాల్వులను, పంపును నడిపిస్తేనే పోతుంది. స్కానర్ లేకపోతే ఉన్న షెడ్డుకు పంపండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

బండి అప్పగించే ముందు

పెడలు గట్టిపడేవరకు తొక్కకుండా బండిని అంగుళం కూడా కదపకండి. ప్యాడ్లు మార్చిన తరువాత మొదటి రెండు మూడు తొక్కులకు బ్రేకు పడదు. ఇంజన్ నడుస్తుండగా పెడలు ఒక నిమిషం నొక్కి పట్టి, దిగుతోందా చూడండి. కింద ఎక్కడా కారడం లేదని చూడండి. తరువాత మనుషులు లేని ఖాళీ చోట మెల్లగా నడిపి చూడాలి. కొన్ని బండ్లలో రిపేరు అయిన తరువాత కొంత వేగం అందుకుంటేనే దీపం ఆరుతుంది. కోడ్ చెరిపేసి, నడిపి, మళ్లీ స్కాన్ చేసి చూడండి. తిరిగి రాలేదంటే అప్పుడు పని అయినట్లు. లోపం దొరకకపోతే "దీపం వెలుగుతోంది, ఏబీఎస్ లేదు, నెమ్మదిగా వెళ్లండి" అని యజమానికి నోటితో చెప్పి, బిల్లు మీద కూడా రాయండి.

కార్లు కొనుక్కున్న మన పూర్వ విద్యార్థులకు కూడా ఒక మాట. ఏబీఎస్ బండిలో ఆపద వస్తే బ్రేకును వదిలి వదిలి తొక్కకండి. గట్టిగా తొక్కి పట్టుకుని, స్టీరింగు తిప్పి తప్పించండి. కంకర, ఇసుక మీద ఏబీఎస్ ఉన్నా ఆగే దూరం పెరగవచ్చు. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి వెళ్లే దూరం నాలుగు రెట్లవుతుంది. ఆ లెక్కను ఏ కంప్యూటరూ మార్చలేదు.

తమ్ముళ్లారా, ఈ పనిలో పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. నాకూ మొదట భయమే. మన హాస్టల్ స్టడీ అవర్లలో వార్డెన్ సారు డిక్షనరీ ముందు పెట్టి రోజుకు పది మాటలు రాయించేవారు. అప్పుడు విసుక్కున్నాను. ఇవాళ సర్వీస్ మాన్యువల్ తెరిచి చదవగలుగుతున్నానంటే ఆ పది మాటల పుణ్యమే. తెలియనిది వస్తే పుస్తకం చూడండి, పెద్దవాళ్లను అడగండి. అడగడానికి సిగ్గుపడి నేను ఒక తల్లి చేయి పోగొట్టాను. మీరు అడగండి.



- మన హాస్టల్ పూర్వ విద్యార్థి, మోటారు మెకానిక్